కోపానికి పదికి పది

పార్సెల్లో, పుస్తకం అట్ట లోపల పెట్టినది
1వ తేదీ

చిరంజీవి గడబిడకి,

పిన్ని దీవించి రాయునది. ఇక్కడ నేనూ, నా కత్తెరా, నా నడుంనొప్పీ ముగ్గురం కులాసా. నువ్వూ నీ హోటల్ దుప్పట్లూ కులాసా అని తలుస్తాను.

పార్సెల్ బరువు చూసి తినేదేదో ఉందని ఆశ పడి ఉంటావు. పుస్తకం. పేరు “మనసు మాటల ఇంగ్లీషు”. పోస్టులో నేర్పే కోర్సు. ఇంగ్లీషు వాళ్లు తమ కోపతాపాలూ, దిగుళ్లూ, మనుషుల గుణాలూ చెప్పుకోవడానికి వాడే పలుకుబళ్లన్నీ ఇందులో ఉన్నాయి. యాభై నాలుగేళ్లు వచ్చాక ఈవిడకిదేం పిచ్చి అంటావు. చెప్తాను విను.

పోయిన నెల ఒకావిడ ఇల్లంతటికీ కర్టెన్లు కావాలని షాపుకి వచ్చింది. గంటసేపు రంగులు చూసి, ఏదీ తేల్చుకోలేక, “ఏది తీసుకెళ్లినా పెదవి విరుస్తారండీ. మా ఆయన ఒట్టి వెట్ బ్లాంకెట్” అంది. గుడ్డల మనిషిని కదా, తడిసిన దుప్పటి అనేసరికి నా బుర్ర అటే పోయింది. “దానికేముందండీ, గట్టిగా పిండి ఎండలో వెయ్యండి, సాయంత్రానికి దారికొస్తుంది” అన్నాను. ఆవిడ మళ్లీ రాలేదు. పదిమంది సరదాగా ఉన్నచోట ఉత్సాహం మీద నీళ్లు చల్లే మనిషిని అలా అంటారట. పన్నెండు కిటికీల ఇల్లు చేజారిపోయింది. అప్పుడే నిశ్చయించుకున్నాను, నేర్చుకుని తీరాలని.

ఇది ఒక్కళ్లు చేసే కోర్సు కాదట. జత ఉండాలి. అందుకే నీక్కూడా ఒక పుస్తకం తెప్పించాను. పద్ధతి చాలా సరదాగా ఉంది. పాఠానికో మూడ్ ఉంటుంది. ఆ మూడ్ మనకి నిజంగానే వచ్చినట్టు జతగాళ్లకి ఉత్తరం రాయాలి. ఇది పాఠమని ఉత్తరంలో ఎక్కడా అనకూడదు, అంటే రక్తి కట్టదట. అవతలి వాళ్ల ఉత్తరానికి తాజా కలంలో పదికి ఇన్నని మార్కులు వెయ్యాలి. కోర్సు అయ్యేదాకా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోకూడదు, గొంతు వింటే అసలు మూడ్ బయటపడిపోతుందని. మొదటి పాఠం దిగులు, రెండోది కోపం. తరవాతవి నేనింకా తిప్పి చూడలేదు. సంతోషం మటుకు అన్నిటికన్నా ఆఖర్న ఉంది.

నువ్వు వచ్చినప్పుడు మనం అనుకున్న సంగతి ఉంది చూడు, ఆ ఉద్యోగం మానేసి వచ్చి నా షాపులో సగం భాగస్తురాలివి కావడం, దాని గురించి నేను అడగను. ఆలోచించుకుని చెప్తానన్నావు. నేను అడిగితే మొహమాటానికి సరేనంటావు. అలాంటి సరే నాకొద్దు. కాబట్టి ఆ ఊసెత్తకుండా హాయిగా పాఠాలు రాసుకుందాం.

ఇట్లు,
నీ పిన్ని

తా.క. పార్సెల్ మీద నీ అసలు పేరు రాయబోయి అలవాటు కొద్దీ “గడబిడ గారికి” అని రాసేశాను. గారు పెట్టాను కాబట్టి మర్యాదకి లోటు లేదు.


3వ తేదీ

పిన్నీ,

నిలబడి ఉంటే కూర్చో. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టు.

వచ్చేస్తున్నాను. నిర్ణయించేసుకున్నాను. నిన్న మా లినెన్ రూములో దిండు గలీబులు లెక్కపెడుతూ ఎనభై రెండు దగ్గర ఆగిపోయాను. ఆరేళ్లుగా ఇదే పని. ఉతికినవి లెక్కపెట్టి పైకి పంపడం, మాసినవి లెక్కపెట్టి కిందకి పంపడం. ఇన్ని వేల గుడ్డలు నా చేతుల మీదుగా పోయాయి కదా, నేను కుట్టింది ఒక్కటుందా అనిపించింది. మొన్న నీ షాపులో సరదాకి ఆ ఆకుపచ్చ తెరకి కుచ్చులు పెట్టాను చూడు, అవి ఇప్పుడు ఎవరి కిటికీకి ఊగుతున్నాయో అని రోజుకోసారైనా అనుకుంటాను. హోటల్లో దుప్పటి గురించి ఎవరన్నా ఫిర్యాదు చేస్తే నాకు అంత బాధ ఉండదు. ఆ తెర గురించి ఎవరన్నా ఒక మాట అంటే మటుకు ఊరుకోను. ఇంకేం కావాలి చెప్పు. నిర్ణయం అయిన దగ్గర్నుంచి నా కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. ఇద్దరు గెస్టులున్న రూములో నాలుగు తువ్వాళ్లు ఇవ్వాల్సింది పదహారు ఇచ్చి వచ్చాను.

ఒక్కటే తొందర ఉంది. మేనేజరు గారు నన్ను సూపర్‌వైజర్‌ని చేస్తానంటున్నారు. మూడేళ్ల ఒప్పందం. ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి సంతకం. పెట్టానంటే మూడేళ్లు కదలడానికి లేదు. పెట్టనంటే నా చోట్లోకి ఇంకొకరిని తీసుకుంటారు. అందుకని నీ మాట కావాలి. నీకు నిజంగా ఇష్టమేనా? వెంటనే రాయి.

ఇట్లు,
నీ కాబోయే భాగస్తురాలు
గడబిడ

తా.క. షాపు బోర్డు మీద నీ పేరే ముందుండనీ. అక్షరాలు మటుకు ఒకే సైజు.


6వ తేదీ

గడబిడకి,

ఏమని రాయను. డౌన్ ఇన్ ది డంప్స్ అంటారే, అలా దిగుల్లో మునిగిపోయి ఉన్నాను. పొద్దున లేస్తూనే గుండెల మీద బండ పెట్టినట్టుంది. షాపు తలుపు తీశాను, ఎందుకు తీశానా అనిపించింది. సూదిలోకి దారం ఎక్కించబోతే బెజ్జం కనపడలేదు, కళ్లనిండా నీళ్లు. కిటికీ చూస్తే దిగులు. కిటికీ లేని గోడ చూస్తే ఇంకా దిగులు. బ్లూగా ఉన్నానని కూడా అనవచ్చునట, నాది ముదురు నీలం. ముద్ద దిగడం లేదు. ఎవరితోనూ మాట కలపబుద్ధి కావడం లేదు. నాలాంటి దానికి షాపెందుకు, కర్టెన్లెందుకు. ఉన్న తెరలన్నీ దించుకుని చీకట్లో కూర్చుంటే పోలేదా.

ఇట్లు,
దిగులు పిన్ని

తా.క. నీకు ఎనిమిది. చదువుతూ చదువుతూ మిషను ఆపేశాను. ఒక్క నిమిషం నిజమేననుకున్నాను, అంత బాగుంది. కానీ అప్పుడే సంతోషం ఏమిటే? వరస తప్పావు, అందుకు రెండు తీసేశాను.


9వ తేదీ

పిన్నీ,

ఏమైంది నీకు? నీ ఉత్తరం లినెన్ రూములో చదివి అలాగే తువ్వాళ్ల గుట్ట మీద కూలబడ్డాను. డంప్స్ అంటే ఏమిటని రిసెప్షన్ అమ్మాయిని అడిగాను. మనిషి బాగా కుంగిపోవడమట. మా పిన్నా కుంగిపోవడం? కస్టమరు నచ్చలేదని తిప్పి పంపిన తెరని తన కిటికీకే తగిలించుకుని, వచ్చిన వాళ్లందరికీ చూపించి నవ్విన మనిషివి నువ్వు.

ఫోన్ చేశాను. “హలో పిన్నీ” అన్నానో లేదో పెట్టేశావు. మళ్లీ చేస్తే “నియమం నియమమే” అని పెట్టేశావు. ఏం నియమం? ఎవరు పెట్టారు? నేను వస్తానని రాయగానే ఇదంతా మొదలైంది కాబట్టి తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది, ఏం తప్పో తెలియడం లేదు. బోర్డు మీద అక్షరాల సంగతి సరదాకి రాశాను. నా పేరు అసలు లేకపోయినా పరవాలేదు. డాక్టరుకి చూపించుకున్నావా? ప్రాణాలు ఉగ్గబట్టుకుని రాస్తున్నాను. ఇంక పదకొండు రోజులే ఉన్నాయి.

ఇట్లు,
నీ గడబిడ

తా.క. ఎనిమిది ఏమిటి? ఎనిమిదో తేదీ అయితే నిన్నే అయిపోయింది. ఎనిమిది కిటికీలా? ఎనిమిది నెలలు ఆగమనా? రెండు తీసేశానన్నావు, వేటిలోంచి తీశావు?


12వ తేదీ

ఏమే,

హాట్ అండర్ ది కాలర్ అంటారు ఇంగ్లీషులో. నా బట్టలకి కాలరు లేదు కానీ మెడ మటుకు సెగలు కక్కుతోంది. ఫోన్ చేస్తావా? ఒకసారి చాలక రెండోసారి కూడానా? నాకు షార్ట్ ఫ్యూజ్, అంటే కోపం ముక్కు మీదే కూర్చుని ఉంటుంది. నిలకడ లేని మనుషులంటే నాకు ఒళ్లు మంట. పొద్దున నీలం కావాలంటారు, మధ్యాహ్నం పసుపు అంటారు, సాయంత్రానికి అసలు కిటికీయే వద్దనుకుంటున్నాం అంటారు. వస్తామంటారు, రారు. రామంటారు, వచ్చి కూర్చుంటారు. అలాంటి వాళ్లని ఇకమీదట నా గుమ్మం తొక్కనివ్వను. పైగా నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మంటావా? నువ్వే పో. పోయి నీ నాలుక చూపించుకో.

ఇట్లు,
పళ్లు నూరుతూ,
పిన్ని

తా.క. తొమ్మిది. తువ్వాళ్ల గుట్ట మీద కూలబడ్డం కళ్లకి కట్టింది. ఏమీ తెలియనట్టు “ఎనిమిది ఏమిటి” అని అడగడం మరీ గొప్పగా ఉంది, అది నాకు తట్టి ఉండేది కాదు. సొంతంగా ఒక్క ఇంగ్లీషు పలుకుబడన్నా పెట్టి ఉంటే పది వేసేదాన్ని.


14వ తేదీ

గౌరవనీయులైన కర్టెన్ షాపు యజమానురాలు గారికి,

నమస్కారములు. తమరి ఉత్తరం అందినది.

నా ఏడుపు తమరి కళ్లకి కట్టినందుకు ధన్యురాలిని. తొమ్మిది ప్రసాదించినందుకు కృతజ్ఞురాలిని. నాకు నిలకడ లేదనీ, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అంటాననీ తమరు సెలవిచ్చారు. ఆరేళ్లు ఒకే గదిలో ఒకే దుప్పట్లు మడిచిన దాన్ని నేను. ఒక్క రోజు కూడా మడత మార్చలేదు. నిలకడ అంటే అదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

నాకు జ్వరం వస్తే మంచం పక్కన కూర్చుని గుడ్డముక్కలతో ఏనుగులు కుట్టి వరసగా నా దిండు మీద నిలబెట్టిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ ఎక్కడికి పోయిందో తమరికి తెలిస్తే చెప్పండి. కడుపు రగిలిపోతున్నా సరే ఆవిడ కోసం ఈ ఉత్తరం మర్యాదగా రాస్తున్నాను.

ఇరవయ్యో తేదీకి ఇంక ఆరు రోజులు ఉన్నాయి. నన్ను రమ్మంటారా, వద్దంటారా? అవునో కాదో రాయండి. మూడో మాట వద్దు.

ఇట్లు,
తమ విధేయురాలు,
లినెన్ రూము ఉద్యోగిని

తా.క. అంకెలు తమరి దగ్గరే ఉంచుకోండి. కొలతల టేపు మీదవి చెరిగిపోతే అతికించుకోవచ్చు.


17వ తేదీ

గడబిడకి,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది అయిదోది.

కోల్డ్ ఫీట్ అని ఒక మాట ఉంది. తీరా అడుగు వేసే వేళకి కాళ్లు చల్లబడి వెనక్కి లాగుతాయి చూడు, అది. షాపు సంగతి తలుచుకుంటే నాకు అలాగే ఉంది. ఇరవై రెండేళ్లుగా ఒక్కదాన్నే నడుపుకుంటున్నాను. పోయిన వారం మొత్తానికి వచ్చినవి మూడే మూడు కిటికీలు. పని లేకపోతే నేను పస్తుండగలను, నిన్ను ఎలా ఉంచను? రోజూ ఒకే బల్ల దగ్గర నిలబడితే నా చాదస్తమంతా నీకు తెలిసిపోతుంది. పిన్నిగా నాలుగు రోజులు చూసి వెళ్లడం వేరు. మంచి ఉద్యోగం నా మూలంగా వదులుకుని, రేపు అటూ ఇటూ అయితే నువ్వు నా వంక ఎలా చూస్తావో అని తలుచుకుంటే కత్తెర మీద ధ్యాస నిలవడం లేదు. నిన్న ఒక తెర అంచు వంకరగా కత్తిరించాను. నేను అలా కత్తిరించడం ఎప్పుడన్నా చూశావా?

ఇట్లు,
పిన్ని

తా.క. పదికి పది. తమరూ, సెలవిచ్చారూ, అందినదీ ఎక్కడ నేర్చుకున్నావే? పొట్ట పట్టుకుని నవ్వాను. ఏనుగుల దగ్గర మాత్రం నవ్వలేకపోయాను. కోపానికి ఇంతకన్నా మార్కులు వెయ్యడం ఎవరివల్లా కాదు.


20వ తేదీ

పిన్ని గారికి,

మీ జవాబు అర్థమైంది. భయమన్నారు. అంత భయమున్న మనిషి రావద్దంటున్నట్టే. ఈ సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టేస్తున్నాను. మూడేళ్లు ఇక్కడే ఉంటాను. తాళాల గుత్తి ఇస్తారట, కుర్చీకి చక్రాలుంటాయట. మీ మీద నాకు కోపం లేదు. ఉన్న కోపమంతా పోయిన ఉత్తరంలో ఖర్చయిపోయింది, మీరు మార్కులు కూడా వేసేశారు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ అక్క కూతురు

తా.క. పెన్ను మూత పెట్టబోతుంటే రిసెప్షన్ అమ్మాయి ఒక పార్సెల్ తెచ్చి బల్ల మీద పడేసింది. గడబిడ గారనే గెస్టు ఏ రూములో దిగారా అని పదహారు రోజులుగా లిస్టులన్నీ వెతుకుతున్నారట. ఇవాళ ఎవరికో అనుమానం వచ్చి, ఆ పేరుకి తగ్గ మనిషి ఈ హోటల్లో ఒక్కతే ఉందన్నారట. నీ చేతిరాత. నేను విప్పను.

మరో తా.క. విప్పాను.

ఇంకో తా.క. పిన్నీ, నీ మొదటి ఉత్తరం ఇప్పుడు చదివాను. పాఠాలా? ఆ దిగులు పాఠమా? ఆ పళ్లు నూరడం పాఠమా? నేను రాసినవి ఒక్కటీ పాఠం కాదు, అన్నీ నిజం. సంతోషం నిజం, ఏడుపు నిజం, కోపం మరీ నిజం. ముక్కు చీదిన హోటల్ తువ్వాలు సాక్ష్యం ఉంది. దిగులు పాఠమైతే, కోపం పాఠమైతే, భయం కూడా పాఠమేనన్నమాట. నీకు కాళ్లూ చల్లబడలేదు, ఏమీ చల్లబడలేదు. నువ్వు ఎప్పటిలాగే ఉన్నావు. పుస్తకంలో వేలు పెట్టి ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చూశాను, ఓవర్ ది మూన్ అని ఉంది, పట్టరాని సంతోషమట. చందమామ ఎక్కడో కింద ఉన్నాడు నాకిప్పుడు. టైము మూడూ నలభై. మేనేజరు గారి గదికి పరిగెడుతున్నాను.

ఆఖరి తా.క. నాలుగూ పది. సంతకం పెట్టలేదు. ఆ ఒప్పందం కాగితం వెనకవైపే రాజీనామా రాసిచ్చాను. ఆయన రెండు వైపులా చదువుకుని, “ఒంట్లో బాగానే ఉందా అమ్మా?” అని అడిగారు. నవ్వుతూ ఏడుస్తున్నానట. నెలాఖరుకి వచ్చేస్తాను. భయం పాఠానికి నీకు పదికి పన్నెండు. నేను పూర్తిగా నమ్మేశాను.


23వ తేదీ

గడబిడకి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివాక చేసిన మొదటి పని, నీ పాత ఉత్తరాలు మూడూ తీసి వాటి మీద ఎర్ర పెన్నుతో వేసుకున్న అంకెలన్నీ కొట్టేశాను. నువ్వు నా కోసం ఏడిస్తే తొమ్మిది వేశాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించవే.

ఇప్పుడు అసలు మాట. ఆ హడావిడిలో నువ్వు పుస్తకం సరిగ్గా తిప్పి చూడలేదు. మూడో పాఠం తీసి చూడు. అది గొప్పలు చెప్పుకునే వాళ్ల గురించి, బిగ్ హెడ్ వగైరా. నాలుగోది బద్ధకస్తులు. అయిదోది పిసినారులు. మొత్తం వెతుకు, భయం పాఠం ఆ పుస్తకంలో లేనే లేదు. కోల్డ్ ఫీట్ అన్న మాట నేను ఒక పెళ్లికూతురి దగ్గర విన్నాను, కొత్త ఇంటికి తెరలు చెప్పి వారంలో వచ్చి వద్దనేసి వెళ్లింది.

నేను రాసిన వాటిలో అదొక్కటే పాఠం కాదు. నీ సంతోషం ఉత్తరాన్ని పాఠమనుకుని ఎనిమిది వేశాక నాకు పని సాగలేదు. ఇదే నిజమైతే ఎంత బాగుండును అనుకున్నాను. అనుకున్నానో లేదో, వెంటనే భయం పట్టుకుంది. నీతో చెప్పాలి, చెప్పడానికి నోరు రాదు. పాఠం చాటున రాసేస్తే నా బరువు దిగుతుంది, నువ్వు ఎలాగూ పాఠమే అనుకుంటావు అనుకున్నాను. పుస్తకం చేతికి రానన్నాళ్లూ నా భయం నిజమేనని నమ్మావు, అది సరిగ్గానే చదివావు. పుస్తకం వచ్చాకే తప్పు చదివావు. భయపడ్డమాట నిజం. రావద్దనడం మటుకు ఏ రోజూ కాదు.

కానీ నువ్వు రాజీనామా ఇచ్చింది నాకు భయం లేదనుకుని కదా. అది తెలిసి నోరు మూసుకుని కూర్చుంటే నిన్ను మోసం చేసినట్టే. అందుకని పొద్దున్నే షాపుకి తాళం వేసి బస్సెక్కాను.

ఈ కవరు మీద స్టాంపు లేదు చూశావా. మీ హోటల్ కింద హాల్లో, కిటికీ పక్క సోఫాలో కూర్చుని రాస్తున్నాను. మూడు అంతస్తులు ఎక్కి నోటితో చెప్పే ధైర్యమే ఉంటే ఈ ఉత్తరమెందుకు. రిసెప్షన్ అమ్మాయి చేతికిచ్చి పైకి పంపిస్తాను. నీ చోట్లోకి ఇంకా ఎవరినీ తీసుకోలేదట, కనుక్కున్నాను. నీకు ఆ తాళాల గుత్తే కావాలనిపిస్తే వెళ్లి సంతకం పెట్టు. నేను ఇలాగే లేచి వెళ్లిపోతాను, నీ మీద ఇసుమంత కూడా కోపం పెట్టుకోను. నా భయం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే సోఫాలో నా పక్కనే కూర్చుని ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే అడుగుతున్నాను. నువ్వు నాతో ఉంటే నాకు చాలా సంతోషం. వస్తావా?

ఇట్లు,
కింద కూర్చున్న
నీ పిన్ని

తా.క. ఈ హాల్లో తెరలు ఎవరు కుట్టారే? ఒక కుచ్చు మూడు వేళ్లు, పక్కది అయిదు వేళ్లు. ఊరుకోలేక అంచు తిరగేసి చూస్తుంటే మీ మేనేజరు గారు వచ్చి, మీరెవరండీ అన్నారు. చెప్పాను. తెరల గురించి కూడా చెప్పాను, ఏమీ దాచుకోలేదు. ఆయన అంతా విని, హోటల్ మొత్తానికి కొత్తవి వేయించాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం, మీరు కుట్టగలరా అన్నారు. తొంభై ఆరు కిటికీలు. ఒక్కదాన్నయితే నావల్ల కాదు, ఇద్దరమైతే అవుతుంది, మా అమ్మాయిని అడిగి చెప్తాను అన్నాను. కాబట్టి నీ జవాబు ఏదైనా సరే, ముందు ఒకసారి కిందకి దిగు. టేపు తెచ్చుకున్నాను కానీ రెండో కొస పట్టుకునే మనిషి లేదు.